ఎల్విస్ పాత రికార్డింగుల కొత్త ఎడిషన్లు: కొనే ముందు, వాదించే ముందు సరిగ్గా పోల్చి చూడటం ఎలా

ఎల్విస్ ప్రెస్లీ పాటలతో కొత్త బాక్సు సెట్ వచ్చిన ప్రతిసారీ కలెక్టర్ల మధ్య అదే గొడవ. "గొంతు ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు" అంటారు ఒకరు. "ఇది అసలు పాటే కాదు" అంటారు ఇంకొకరు. మధ్యలో కొత్తగా కొనేవాళ్లు బిక్కమొహం వేసి "ఇంతకీ ఏది తీసుకోమంటారు?" అని అడుగుతుంటారు.

ఒక డిస్కు పేరు చెప్పి పంపేయడం తేలికే. అయితే ఈ వాదనల్లో చాలావరకు ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుకోవడం వల్ల పుట్టేవే. ఒకరి ఫిర్యాదు మిక్స్ మీద, ఇంకొకరి మెప్పు మాస్టరింగ్ మీద. పైగా ఒక డిస్కు రెండోదానికన్నా గట్టిగా మోగుతుంటుంది. ముందు వీటిని విడదీయాలి, తర్వాత వాల్యూమ్ సమం చేయాలి, ఆ తర్వాతే వినాలి. క్రమం మారితే ఫలితం చెడుతుంది.

## 1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

ఖరీదైన యాంప్లిఫయర్ అక్కర్లేదు. కింద చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే.

- సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్. ల్యాప్‌టాప్‌లో లేకపోతే యూఎస్‌బీ డ్రైవ్ చాలు
- సీడీ నుంచి పాట తీయడానికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్ వాడేవాళ్లకు ఎక్స్‌ఎల్‌డీ
- వినడానికి ఫూబార్2000, దానికి తగిలించే ఏబీఎక్స్ కంపారేటర్ (ఏది మోగుతోందో చెప్పకుండా పోల్చి వినిపించేది)
- తరంగాలు చూడటానికి ఆడాసిటీ
- వైరున్న హెడ్‌ఫోన్స్. బ్లూటూత్ శబ్దాన్ని మళ్లీ కుదించి పంపుతుంది కాబట్టి ఈ పనికి వద్దు
- సెషన్ల వివరాలున్న ఒక ఆధారం. ఎల్విస్ పాటలు విడుదల చేసిన ఆర్‌సీఏ రికార్డు కంపెనీ టేపుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎర్నస్ట్ యోర్గెన్‌సెన్ 1998లో వెలువరించిన రికార్డింగ్ సెషన్ల పుస్తకం చాలామంది కలెక్టర్ల బల్ల మీద ఉంటుంది
- ఒక ఎక్సెల్ షీటు, లేదా మామూలు నోటుపుస్తకం

## 2. పాట ఏ టేపు కాలానిదో తేల్చుకోండి

ఇది తేలకుండా ముందుకు వెళ్లొద్దు. ఎల్విస్ రికార్డింగులన్నింటికీ ఒకే కొలత పెట్టడం కుదరదు.

సన్ కాలం, 1954–55. మెంఫిస్‌లో యూనియన్ అవెన్యూ 706 నంబరులో సన్ రికార్డు కంపెనీ యజమాని శామ్ ఫిలిప్స్ నడిపిన చిన్న స్టూడియో. 1954 జులై 5న 'దట్స్ ఆల్ రైట్' రికార్డయింది ఇక్కడే. వచ్చిన సింగిల్స్ ఐదే: సన్ 209, 210, 215, 217, 223. అన్నీ మోనో, అంటే ఒకే చానల్ ధ్వని. గొంతు, గిటార్లు, బేస్, ఆ ప్రతిధ్వని అన్నీ కలిసి ఒకే టేపు మీదికి వెళ్లిపోయాయి. ఈ కాలం పాటలకు వేయాల్సిన ప్రశ్న: మూలం టేపా, డిస్కా? శుభ్రం చేసేటప్పుడు ఎంత చెరిపేశారు?

ఆర్‌సీఏ తొలి కాలం, 1956–58. ఇదీ మోనోయే. మినహాయింపు ఒకటుంది: 1957 జనవరిలో హాలీవుడ్ రేడియో రికార్డర్స్ సెషన్లు కొన్ని రెండు ట్రాకుల (విడివిడిగా రికార్డయ్యే రెండు వరసల) టేపు మీద కూడా ఎక్కాయి. అవి 1980ల చివర్లో బయటికొచ్చాయి. ఇవి తప్ప 1950ల పాట ఏదైనా "స్టీరియో" అని కనిపిస్తే అనుమానించండి.

1960 నుంచి. సైన్యం నుంచి తిరిగొచ్చాక మార్చిలో నాష్‌విల్ స్టూడియోలో మూడు ట్రాకుల మీద రికార్డింగ్ మొదలైంది. 'ఎల్విస్ ఈజ్ బ్యాక్' ఆల్బమ్ ఆ సెషన్లదే. ఇక్కడి నుంచి స్టీరియో నిజమైనది, మళ్లీ మిక్స్ చేయడానికీ కొంత వీలుంది.

1969 తర్వాత. మెంఫిస్ అమెరికన్ సౌండ్ స్టూడియోలో ఎనిమిది ట్రాకులు, 1970 జూన్ నాష్‌విల్ సెషన్లకు పదహారు. తీగ వాయిద్యాలు, కోరస్ చాలాచోట్ల తర్వాత చేర్చినవి. కాబట్టి అవి తీసేసిన రూపమూ ఇవ్వొచ్చు. అసలైన తగాదాలు ఇక్కడే ఎక్కువ.

## 3. టేక్, మిక్స్, మాస్టరింగ్: మూడింటినీ కలపకండి

టేక్ అంటే ఆ రోజు స్టూడియోలో ఒకసారి పాడింది. అప్పట్లో రికార్డుగా వచ్చింది మాస్టర్ టేక్, మిగిలినవి ఔట్‌టేక్‌లు. రెండు టేక్‌ల ముక్కలు అతికించి మాస్టర్ చేసిన పాటలూ ఉన్నాయి. అందుకని "టేక్ 5 అసలు పాటలాగే ఉంది" అని ఎవరైనా అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, అందులో ముక్క అదే కావచ్చు.

మిక్స్ అంటే విడి ట్రాకులను ఏ పాళ్లలో కలిపారన్నది. గొంతు ముందుకు రావడం, డ్రమ్స్ పక్కకు జరగడం, వయొలిన్లు మాయమవడం ఇక్కడ జరిగేవి.

మాస్టరింగ్ అంటే కలిపేసిన టేపును డిస్కుకు సిద్ధం చేయడం. మందం, పదును, మొత్తం బిగ్గరతనం, టేపు హిస్ (టేపు చేసే 'స్స్' చప్పుడు) తగ్గింపు, వేగం సరిచేయడం దీని కిందికి వస్తాయి.

మోనో టేపు మరిగిపోయిన పులుసు. అందులోంచి చింతపండు ఒక్కదాన్నే వెనక్కి తీయలేం. కాబట్టి 1956 నాటి 'హార్ట్‌బ్రేక్ హోటల్'కి "కొత్త మిక్స్" అని రాసి ఉంటే, ఆ పని కంప్యూటర్‌తో గొంతును, వాయిద్యాలను ఊహించి విడదీసి చేసింది అయ్యుండాలి. దాన్ని వినొచ్చు, సరదా కూడా. ఆర్కైవ్ అని మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు మూడు ఉదాహరణలు చూడండి.

2002లో వచ్చిన '30 నంబర్ వన్ హిట్స్'ని చాలామంది మామూలు హిట్ల సంకలనం అనుకుని కొన్నారు. అందులో పాత టేపుల నుంచి ఆ ఏడాది కొత్తగా మిక్స్ చేసిన పాటలున్నాయి. దాన్ని పాత సీడీతో పోల్చి "రీమాస్టర్ బాగుంది" అనడం పొరపాటు, అక్కడ మారింది మిక్సే.

2020 నాటి 'ఫ్రమ్ ఎల్విస్ ఇన్ నాష్‌విల్' బాక్సులో మిక్సింగ్ ఇంజినీర్ మాట్ రాస్-స్పాంగ్ 1970 సెషన్లను తర్వాత చేర్చిన వాయిద్యాలు లేకుండా మిక్స్ చేశాడు. మరుసటి ఏడాది 1971 సెషన్లకూ అదే పద్ధతి. గదిలో బ్యాండ్ ఎలా వాయించిందో తెలుసుకోవాలంటే ఇంతకు మించింది లేదు. 1970లో జనం కొన్న ఆల్బమ్ ఎలా ఉందో తెలియాలంటే మాత్రం ఇది పనికిరాదు. రెండూ న్యాయమైన కోరికలే, ఒకే డిస్కు రెండూ తీర్చదు.

'సస్పీషస్ మైండ్స్' చివర పాట తగ్గిపోయి మళ్లీ పెరుగుతుంది కదా. అది 1969 జనవరిలో స్టూడియోలో పాడినప్పటిది కాదు, తర్వాత చేర్చిన తంతు. ఆ ఫేడ్ లేని మిక్స్ విని "పాట పాడుచేశారు" అన్నవాళ్లూ ఉన్నారు, "ఇదే ముందుది" అన్నవాళ్లూ ఉన్నారు. మాట ఇద్దరిదీ నిజమే.

కొనే ముందు మీ నోటులో ఒక్క వాక్యం రాసుకోండి: *నాకు కావాల్సింది అప్పటి రికార్డు ధ్వనా, స్టూడియో గది ధ్వనా, దొరకని టేక్‌లా?* ఈ జవాబు లేకుండా బాక్సు కొంటే తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవాల్సి వస్తుంది.

## 4. ప్రచురించింది ఎవరో చూడండి

నాలుగు రకాలుంటాయి.

సోనీ ప్రధాన విడుదలలు. ఆర్‌సీఏ టేపులు ఇప్పుడు వీరి చేతిలోవే. అన్నిచోట్లా దొరుకుతాయి, ధరా అందుబాటులో ఉంటుంది.

ఫాలో దట్ డ్రీమ్. కలెక్టర్లు ఎఫ్‌టీడీ అంటారు. 1999లో మొదలైంది, అదే యాజమాన్యం కిందిది. టేపులు అసలువే. ఒక ఆల్బమ్, దానితోపాటు ఆ సెషన్ల ఔట్‌టేక్‌లు ఇవ్వడం వీళ్ల పద్ధతి. మామూలు దుకాణాల్లో దొరకవు, ప్రత్యేక మెయిల్ ఆర్డర్ దుకాణాల దగ్గర తెప్పించుకోవాలి. స్టాకు అయిపోయాక సెకండ్ హ్యాండ్ ధర చుక్కలు చూపిస్తుంది.

ఐరోపా పబ్లిక్ డొమైన్ లేబుళ్లు. అక్కడ ధ్వనిముద్రణల హక్కు కాలం 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది 2013లో. అప్పటికే గడువు తీరినవాటికి, అంటే 1963కి ముందు విడుదలైనవాటికి, ఆ పెంపు వర్తించలేదు. అందుకే 1962 దాకా వచ్చిన పాటలను అక్కడ ఎవరైనా వేయొచ్చు. కొన్ని లేబుళ్ల పుస్తకాలు, ఫొటోలు ముచ్చటగా ఉంటాయి. కానీ ఆర్‌సీఏ అసలు టేపులు వీళ్ల చేతికి రావు. మూలం పాత సీడీయో, మంచి ఎల్పీయో అయ్యుంటుంది.

బూట్‌లెగ్‌లు, అంటే అనుమతి లేకుండా వేసిన డిస్కులు. హక్కులూ లేవు, హామీ కూడా లేదు. బొమ్మ అందంగా ఉందని మోసపోకండి.

అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఒక గమనిక: అక్కడి లెక్క వేరు. 2018 చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15కి ముందు దాకా వచ్చిన రికార్డింగులకు రక్షణ 2067 ఫిబ్రవరి 15 వరకు ఉంటుంది. ఐరోపాలో చెల్లే డిస్కు అక్కడి దుకాణంలో కనిపించకపోవడానికి కారణం ఇదే. భారత్‌లో ప్రచురణ తర్వాత 60 ఏళ్లు.

## 5. కవరు, బుక్‌లెట్ చదివే పద్ధతి

బుక్‌లెట్‌లో ఫొటోల కన్నా ముందు చివరి పేజీ తెరవండి.

- రికార్డింగ్ తేదీ, స్టూడియో ఉన్నాయా?
- ప్రతి పాట పక్కన టేక్ నంబరు ఉందా? "ఆల్టర్నేట్" అని మాత్రమే రాస్తే అది మీ దగ్గర ఇప్పటికే ఉన్న టేక్ కావచ్చు
- ఆర్‌సీఏ మాస్టర్ నంబరు (కంపెనీ రికార్డింగుకు ఇచ్చిన గుర్తు) ఇచ్చారా? 'హార్ట్‌బ్రేక్ హోటల్'ది జి2డబ్ల్యూబీ 0209. మొదటి అక్షరం సంవత్సరం: జి అంటే 1956, హెచ్ అంటే 1957
- మాస్టరింగ్ ఎవరు చేశారు? విక్ అనెసిని, సెబాస్టియన్ యాన్సన్, కెవన్ బడ్ లాంటి పేర్లు చూసి కలెక్టర్లు ధ్వని తీరు ముందే ఊహిస్తారు
- మూలం ఏమిటో చెప్పారా? మాస్టర్ టేపు, అసిటేట్ డిస్కు (నమూనాగా కోసిన డిస్కు), సింగిల్ నుంచి తీసింది, ఏదైనా సరే చెప్పడం ముఖ్యం
- మిక్స్ తేదీ ఉందా? రికార్డింగ్ తేదీకి దీనికి దశాబ్దాల తేడా ఉంటే అది కొత్త మిక్స్

ఎల్పీ కొనేవాళ్లు కేటలాగ్ నంబరు చూడాలి. ఎల్‌పీఎం అంటే మోనో, ఎల్‌ఎస్‌పీ అంటే స్టీరియో. ఎల్‌ఎస్‌పీ నంబరు చివర బ్రాకెట్లో 'ఇ' అక్షరం ఉంటే అది మోనోను యంత్రంతో సాగదీసి చేసిన నకిలీ స్టీరియో. 1956 తొలి ఆల్బమ్ ఎల్‌పీఎం-1254 మీద మోనోలో వచ్చింది, 1960ల్లో అదే ఎల్‌ఎస్‌పీ-1254 'ఇ'గా మారింది. 1984లో సీడీ కొత్తగా వచ్చినప్పుడు కూడా ఈ సాగదీసిన రూపమే ఒకసారి డిస్కుకెక్కింది. ఆ తర్వాత అసలు మోనోతో మళ్లీ వేశారు. పాత సీడీ అని ముచ్చటపడి కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

## 6. పాటను ఫైలుగా తీయండి

రెండు ప్లేయర్లలో రెండు డిస్కులు పెట్టి పోల్చడం పోలికే కాదు. రెండింటినీ ఒకే కంప్యూటర్‌లోకి తేవాలి.

1. డిస్కును మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు.
2. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ ఎంచుకోండి.
3. వేవ్ లేదా ఫ్లాక్‌గా దాచండి. ఎంపీ3 వద్దు.
4. చివర అక్యురేట్‌రిప్ ఫలితం చూడండి. ఇతరుల కాపీతో మీది సరిపోలితే చదవడంలో తప్పు లేదని అర్థం. సరిపోలకపోతే ముందు ముద్రణ వేరేదేమో చూడండి, ఆ తర్వాత గీతల సంగతి.
5. ఫైలు పేరులో ఎడిషన్, సంవత్సరం, టేక్ రాయండి. "కొత్తది", "పాతది" అని పెడితే ఆరు నెలల తర్వాత ఏది ఏదో తెలియదు.

స్ట్రీమింగ్‌తో పోల్చాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆల్బమ్ బొమ్మ 1956ది ఉన్నంత మాత్రాన లోపలి మాస్టరింగ్ అప్పటిది అనుకోకండి. లేబుల్ దాన్ని ఎప్పుడైనా మార్చొచ్చు. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే బిగ్గరతనానికి తెచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే అది ఇంకో చిక్కు. స్ట్రీమింగ్ విని సీడీ మీద తీర్పు చెప్పడం మానుకుంటే మంచిది.

## 7. వాల్యూమ్ సమం చేయండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉందంటే ఇది పాటించండి.

రెండు ఒకే రకం ధ్వనుల్లో ఒకటి ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నా, చెవి దాన్ని "గట్టిగా ఉంది" అని చెప్పదు. "స్పష్టంగా ఉంది, ప్రాణం ఉంది" అంటుంది. 1990ల చివరి నుంచి వచ్చిన చాలా రీమాస్టర్లు బిగ్గరగా ఉంటాయి. కాబట్టి సమం చేయకుండా వింటే గెలిచేది ఏదో ముందే ఖాయం.

1. ఆడాసిటీలో రెండు ఫైళ్ల కాపీలు తెరవండి. అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు.
2. రెండింటికీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఇచ్చి, మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనం కొలత) పెట్టండి.
3. ఒకటి మోనో ఫైలు, ఇంకొకటి రెండు చానళ్లలో ఉన్న మోనో అయితే, "మోనోను డ్యూయల్ మోనోగా చూడు" అన్న గడిలో టిక్కు పెట్టండి. ఇది మరిచిపోతే దాదాపు మూడు డెసిబెళ్ల తేడా మిగిలిపోతుంది.
4. గట్టిగా ఉన్నదాన్ని తగ్గించే దిశలోనే పనిచేయండి. మెల్లగా ఉన్నదాన్ని పైకి లాగితే తరంగం శిఖరాలు తెగిపోవచ్చు.
5. ఏదో ఒక ఫైలు ముందు నిశ్శబ్దం ఎక్కువుంటే కత్తిరించి, రెండూ ఒకే క్షణంలో మొదలయ్యేలా చేయండి.

ఇంత చేశాక చాలామంది అవాక్కవుతారు: అంతవరకు "అద్భుతం" అన్న ఎడిషన్ గరుకుగా, అలసట తెప్పించేలా వినిపిస్తుంది. ప్రతిసారీ అలా జరగదు. జరిగినప్పుడు మాత్రం డబ్బు మిగులుతుంది.

## 8. వినే క్రమం

పాటంతా వినకండి. ఇరవై ముప్పై సెకన్ల ముక్క తీసుకుని, ఒక్కోసారి ఒక్క అంశం మీదే దృష్టి పెట్టండి. సన్ పాటలతో చేసి చూపిస్తాను. 1999 'సన్‌రైజ్', 2004 'ఎల్విస్ ఎట్ సన్', 2012లో ఎఫ్‌టీడీ వేసి 2017లో సోనీ తక్కువ ధరకు మళ్లీ ఇచ్చిన 'ఎ బాయ్ ఫ్రమ్ టుపెలో': ఈ మూడూ ఒకే పాటలను మూడు తీర్లలో వినిపిస్తాయి.

మొదట బేస్. బేస్ వాయించిన బిల్ బ్లాక్ తీగను లాగి వదిలినప్పుడు అది కర్రకు తగిలే చప్పుడు ఉంటుంది. డ్రమ్స్ లేని పాటలో తాళం అదే. ఆ చప్పుడుకు అంచు ఉందా, లేక ముద్దగా 'బుమ్'మంటోందా?

రెండోది ప్రతిధ్వని తోక. శామ్ ఫిలిప్స్ రెండో టేపు యంత్రంతో పుట్టించిన ఆ చిన్న ప్రతిధ్వని ప్రతి మాట వెనకా వస్తుంది. మాట ఆగిన చోట అది సహజంగా అణగాలి. ఠక్కున ఆగిపోతే హిస్‌తోపాటు దాన్నీ తుడిచేశారన్నమాట.

మూడోది గొంతులో 'స', 'ష'. ఈ అక్షరాలు చెవిని పొడుస్తుంటే పదును ఎక్కువ పెట్టారు. మూగగా ఉంటే హిస్ తగ్గించే క్రమంలో పైస్థాయి తినేశారు.

నాలుగోది నిశ్శబ్దం. పాట మొదలవడానికి ముందు అర సెకను. టేపు హిస్ నిలకడగా వినబడితే మంచి గుర్తు. గొంతు వచ్చినప్పుడు హిస్ పెరిగి, ఆగినప్పుడు తగ్గిపోతుంటే అది యంత్రం చేసిన పని.

హిస్ అంటే లోపం అనుకునే అలవాటు వదులుకోవాలి. 1954 టేపులో హిస్ ఉంటుంది. అది లేకుండా చేసినవాళ్లు దాంతోపాటు ఇంకేదో కూడా తీసేసి ఉంటారు.

తేడా వినిపించిందని గట్టిగా అనిపించాక ఏబీఎక్స్ పెట్టండి. ఏది ఏదో చెప్పకుండా ఫూబార్ వినిపిస్తుంది, మీరు గుర్తుపట్టాలి. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే, అది గుడ్డి అదృష్టం అయ్యే అవకాశం 4 శాతం లోపే. ఎనిమిది తొమ్మిది దగ్గర ఆగితే ఆ తేడా మీద ఊళ్లో కత్తులు దూయకండి.

## 9. చెవి చెప్పినదాన్ని కంటితో సరిచూడండి

ఈ క్రమం ముఖ్యం: వినడం ముందు, గ్రాఫ్ తర్వాత. గ్రాఫ్ ముందు చూస్తే చెవి దాని మాటే వింటుంది.

నిజమైన మోనోనా? ఆడాసిటీలో స్టీరియో ట్రాకును రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి), రెండూ కలిపి మోగించండి. నిశ్శబ్దం వస్తే అసలు మోనో. హిస్ మాత్రమే మిగిలితే మోనో టేపును రెండు చానళ్ల యంత్రం మీద చదివారని అర్థం, దోషం కాదు. గొంతు, గిటార్ మిగిలితే సాగదీశారు.

కొత్త రీమాస్టర్ నిజంగా కొత్తదేనా? పాత ఫైలును, కొత్తదాన్ని శాంపిల్‌కి శాంపిల్ జరిపి, వాల్యూమ్ సమం చేసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే కవరు మాత్రమే కొత్తది. రాకపోతే మాత్రం తొందరపడకండి: టేపును మళ్లీ చదివిన ప్రతిసారీ వేగంలో సూక్ష్మమైన తేడా వస్తుంది, నిశ్శబ్దం రానే రాదు.

శిఖరాలు తెగాయా? తరంగం కొనలు గొడ్డలితో నరికినట్టు చదునుగా ఉంటే బిగ్గరతనం కోసం నలిపారు. డైనమిక్ రేంజ్ మీటర్ (బిగ్గర, మెల్లని భాగాల తేడా కొలిచేది) అంకె ఒకే మాధ్యమంలోని రెండు డిజిటల్ ఎడిషన్ల మధ్యే చెల్లుతుంది. ఎల్పీ నుంచి తీసిన ఫైలుకు ఆ అంకె ఊరికే పెరుగుతుంది, దాంతో సీడీని ఓడించకండి.

ఎంపీ3 నుంచి తీశారా? స్పెక్ట్రోగ్రామ్‌లో (ధ్వని పౌనఃపున్యాలను చూపే బొమ్మలో) 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగితే అనుమానం. అయితే 1950ల రికార్డింగుల్లో ఆ పైన సంగీతం ఎలాగూ అంతంతే. హిస్ కూడా సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగిందా అన్నది చూడండి. టేపు హిస్‌కి అలాంటి గీతలు తెలియవు.

వేగం. రెండు ఎడిషన్ల నిడివిలో రెండు నిమిషాల పాటకు సెకనుకు పైగా తేడా ఉంటే వేగం ఒక శాతం మారినట్టు. శ్రుతి అరస్వరంలో ఆరో వంతు జరుగుతుంది. ఏది సరైనదో శ్రుతి పెట్టె ఆధారంగా తేల్చేయకండి. అప్పటి బ్యాండ్లు చెవితోనే తీగలు సర్దుకునేవి. ఒకే సెషన్‌లోని మిగతా పాటలతో పోల్చడం నయం.

## 10. ఔట్‌టేక్‌లు, కచేరీ రికార్డింగులు కొనేటప్పుడు

ఒకే టేక్‌ను మూడుసార్లు కొనడం ఈ హాబీలో మామూలు. 1992లో 50ల మాస్టర్ల బాక్సు, 1993లో 60లది, 1995లో 70లది, ఆ తర్వాత ఎఫ్‌టీడీ, మధ్యలో సంకలనాలు. పాట, సెషన్ తేదీ, టేక్ నంబరు, ఏ డిస్కు అన్న నాలుగు గడులతో షీటు తయారుచేసుకోండి. కొత్త బాక్సు ప్రకటించగానే దానిలోని టేక్‌లను ఇందులో వెతకండి. నిజంగా కొత్తవి ఎన్నో తేలాక ధర చూడండి.

మాస్టర్లు మాత్రమే కావాల్సిన కొత్తవాళ్లకు నా సలహా: 50ల బాక్సు ఒక్కటి చాలు, ఔట్‌టేక్‌ల జోలికి వెంటనే వెళ్లొద్దు. మాస్టర్ మనసుకెక్కకుండా ఔట్‌టేక్ రుచి తెలియదు.

కచేరీలు రెండు రకాలు. ఆర్‌సీఏ బహుళ ట్రాకుల మీద తీసినవి ఒకటి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1972 జూన్ 10 సాయంత్రం కచేరీ అప్పుడే ఆల్బమ్‌గా వచ్చింది, మధ్యాహ్నం కచేరీ 1997లో వచ్చింది. రెండో రకం సౌండ్‌బోర్డ్: హాలులో ధ్వని నియంత్రించేవాళ్లు తమ అవసరానికి తీసుకున్న టేపు. గొంతు ముఖం మీదే ఉంటుంది, జనం చప్పుడు దూరంగా, వాయిద్యాలు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. మొదటిదాని ధ్వని ఆశించి రెండోది కొని తిట్టుకోవడం కలెక్టర్ల పాత అలవాటు. కవరు మీద సౌండ్‌బోర్డ్ అని ఉంటే అది హెచ్చరికే అనుకోండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

- "రీమాస్టర్ కాబట్టి మెరుగు" అనుకోవడం. ఏడో మెట్టు తప్ప వేరే మందు లేదు.
- స్టీరియో ఎప్పుడూ గొప్ప అనుకోవడం. 1950ల పాటలకు మోనోనే అడిగి తీసుకోండి.
- మొదటి ముద్రణ ఎల్పీయే ప్రామాణికం అనడం. అరిగిన ప్రతి, సరిపడని సూది, గీతలు ఉన్న చోట అది ప్రామాణికం కాదు. ప్రతి పరిస్థితి చెప్పకుండా పోల్చకండి.
- బరువైన పుస్తకం చూసి కొనడం. పుస్తకం కోసమే అయితే పరవాలేదు, ఆ సంగతి మీకు మీరు ఒప్పుకోండి.
- విదేశీ ధర మాత్రమే చూడటం. హైదరాబాదుకో విశాఖకో తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి బిల్లు బాగా పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఆర్డర్ పెట్టండి, లేదా అక్కడి నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో చోటు అడగండి.
- వచ్చాక వదిలేయడం. తీరప్రాంతంలో అట్ట పెట్టెలకు తేమ పడుతుంది, బుక్‌లెట్ పేజీలు అతుక్కుంటాయి. సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకు ఆనకుండా నిలబెట్టండి.

## 12. వాదనకు దిగే ముందు రాసి పెట్టుకోవాల్సిన చీటీ

"కొత్తది చెత్త" అన్న మాటకు జవాబు ఉండదు. ఈ వివరాలతో రాస్తే ఎదుటివారు ఒప్పుకోకపోయినా, సరిచూసుకోగలుగుతారు.

- పాట, రికార్డింగ్ తేదీ, టేక్ నంబరు
- పోల్చిన రెండు ఎడిషన్ల పేరు, సంవత్సరం, కేటలాగ్ నంబరు
- మూలం: సీడీ, ఎల్పీ, డౌన్‌లోడ్
- తేడా టేక్‌లోనా, మిక్స్‌లోనా, మాస్టరింగ్‌లోనా
- వాల్యూమ్ సమం చేశారా, ఎంతకు
- తేడా వినిపించే చోటు నిమిషం, సెకనుతో సహా
- ఏబీఎక్స్ ఫలితం, పెట్టి ఉంటే
- ఇక చివరగా, విడిగా: మీకు ఏది నచ్చింది, ఎందుకు